బొంత చెప్పే చరిత్ర

మన బట్టల చరిత్ర రాసినవారు సాధారణంగా కొత్తబట్టల చరిత్రే రాశారు. మోటుపల్లి ప్రాంతపు బట్ట సాలెగూడంత పలుచగా వుంటుందని 13వ శతాబ్దం చివర మార్కోపోలో చెప్పిన మాటను ప్రతి పాఠ్యగ్రంథమూ తలుచుకుంటుంది. మచిలీపట్నం అద్దకపు గుడ్డల కోసం డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు పోటీపడిన సంగతి కూడా మనకు తెలుసు. ఆ బట్టను ఎవరు నేశారో, ఏ రేవులో ఓడ ఎక్కిందో, ఏ నవాబు కట్టాడో చెప్పేదాకా చరిత్రకారుడు మనతో వస్తాడు. బట్ట చిరిగిన తరువాత ఏమైందన్న ప్రశ్న ఆయనకు తోచదు. కాని మన దేశంలో కోట్లాది శ్రమజీవులకు బట్టతో పరిచయం మొదలయ్యేది అక్కడే. పుట్టిన బిడ్డను పొత్తిళ్ళలో పెట్టేది పాత చీర ముక్కతో. ఉయ్యాల కట్టేది పాత చీరతో. చలికాలంలో ఇంటిల్లిపాదీ కప్పుకునేది పాత చీరలన్నీ కలిపి కుట్టిన బొంత. అటువంటప్పుడు పాతబట్ట చరిత్రను వదిలిపెట్టి ప్రజల చరిత్ర రాయడం ఎలా సాధ్యం?

పాత గుడ్డలతో, పాత నమూనాలతో కొత్త వస్తువులు కుట్టుకోవడం ఈనాడు సంపన్న దేశాలలో ఒక అభిరుచి. అమ్మమ్మల నాటి గుడ్డను వెతికి కొంటారు, యాభై అరవై ఏళ్ళనాటి కాగితపు నమూనాలను భద్రంగా దాచుకుంటారు. మన నగరాలలోనూ ఈ అభిరుచి పెరుగుతున్నది. దీనిని వెక్కిరించవలసిన పని లేదు. అయితే అభిరుచిగా మారకముందు ఈ పని ఎవరిది, ఏ అవసరంలోనుంచి పుట్టింది, ఆ పనిమీద వచ్చే విలువ ఇప్పుడు ఎవరికి చేరుతున్నది అనే ప్రశ్నలు మనం వేయకపోతే మరెవరూ వేయరు. ఈ ప్రశ్నలకు జహీరాబాదు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

1

జహీరాబాదు ఈనాడు సంగారెడ్డి జిల్లాలో వుంది. 2016కు ముందు మెదక్ జిల్లాలో వుండేది. 1956కు ముందు అది హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాకు చెందిన తాలూకా. ఆ సంవత్సరం రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం బీదరు జిల్లాను విడదీసింది. నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకానూ, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలునూ, నారాయణఖేడ్ తాలూకానూ తెలుగు రాష్ట్రానికి కలిపింది. అంటే ఈ సరిహద్దు గీసింది ప్రకృతి కాదు. ఒక కాగితం మీద, సర్కిళ్ళ లెక్కన గీసిన గీత ఇది. గీతకు రెండువైపులా అదే ఎర్రనేల, అవే జొన్నచేలు, అదే కూలి.

ఈ నేలమీద ఒకే వస్తువుకు మూడు పేర్లు వున్నాయి. తెలుగువారు బొంత అంటారు. కన్నడిగులు కౌది అంటారు. మరాఠీలు గోధడి అంటారు. సంస్కృతంలో కంథ అనీ, బెంగాలీలో కాంథా అనీ పిలిచేది దీని బంధువర్గమే. ఉత్తర కన్నడ జిల్లా అడవులలో, ఆఫ్రికానుంచి వచ్చినవారి సంతతి అయిన సిద్దీలు కవంది అనే పేరుతో కుట్టేదీ ఇదే జాతి వస్తువు. భాషలు మారినా, మతాలు మారినా, పనిలో సూత్రం ఒకటే: కట్టడానికి పనికిరాని బట్టను కప్పుకోవడానికి పనికివచ్చేట్టు చెయ్యడం. భాషల పేరిట గీసిన గీతలు బొంతను విడదీయలేకపోయాయి. ఎందుకంటే అది భాషలోనుంచి పుట్టినది కాదు, బతుకులోనుంచి పుట్టినది.

బొంత ఎలా తయారవుతుందో చూద్దాం. పాత చీరలు, పంచెలు, లుంగీలు ఉతికి ఆరవేస్తారు. బాగా చీకిపోయిన భాగాలు కత్తిరించి పారేస్తారు. అడుగున ఒక గట్టి చీర పరిచి, దానిమీద నాసి గుడ్డలను పొరలు పొరలుగా సర్దుతారు. పైన, వున్నవాటిలో బాగున్న చీరను కప్పుతారు. ముడతలు రాకుండా లాగి, అంచులు మడిచి, లావుపాటి సూదితో, లావుపాటి దారంతో ఈ చివరనుంచి ఆ చివరకు వరసగా కుట్టుకుంటూ పోతారు. సూది పైనుంచి కిందికి దిగుతుంది, కిందినుంచి పైకి వస్తుంది. ఇంతకంటే సాదా కుట్టు లోకంలో లేదు. కాని ఆ వరసలు ఎంత దగ్గరగా వుంటే బొంత అంత కాలం నిలుస్తుంది. దూరంగా వుంటే లోపలి గుడ్డలు ఉండలు కడతాయి. పొరల మధ్య నిలిచే గాలి వంటి వేడిని బయటికి పోనివ్వదు. ఉన్నిలేని పేదవాడికి ఉన్ని చేసే పనిని పాత నూలు చేసి పెడుతుంది. ఈ విషయం ఏ ప్రయోగశాలా చెప్పకముందే బొంత కుట్టే స్త్రీకి తెలుసు.

కొలత మూరతో, జానతో, బెత్తెడుతో సాగుతుంది. అమెరికాలో బటరిక్ అనే దర్జీ రకరకాల కొలతలకు సరిపోయే కాగితపు నమూనాలను 1863లో అమ్మడం మొదలుపెట్టాడు. దర్జీ తలలోనూ చేతిలోనూ వుండిన విద్య కాగితం మీదికి ఎక్కి, సరుకుగా మారింది. జహీరాబాదు బొంతకు అటువంటి కాగితం లేదు. దాని నమూనా తల్లి చేతినుంచి కూతురి చేతికి, అత్త చేతినుంచి కోడలి చేతికి అందుతుంది. కాగితం లేదు కాబట్టి అక్కడ శాస్త్రం లేదనుకోవడం చదువుకున్నవాడి అహంకారం.

పాతబడిన బొంతను కూడా పారేయరు. చిరిగితే దానిమీద మరో చీర కప్పి మళ్ళీ కుడతారు. కాబట్టి ఒక్కొక్క బొంత లోపల దానికంటే పాత బొంత వుంటుంది. పురావస్తు శాస్త్రజ్ఞులు మట్టిపొరలు తవ్వి కాలనిర్ణయం చేసినట్టు, ఒక ముసలి బొంతను విప్పితే ఆ ఇంటి మూడు తరాల బట్ట కనిపిస్తుంది: ఒక పొరలో నారాయణపేట చీర అంచు, ఒక పొరలో ఇల్కల్ కొంగు, మరొక పొరలో ముతక మిల్లుబట్ట, అన్నిటికంటే పైన పాలియెస్టర్. ఇంత చక్కగా వరసపెట్టిన ఆర్థిక చరిత్ర మన ప్రభుత్వ పత్రాలయాలలో దొరకడం కష్టం.

2

పాతబట్టకు మన సమాజంలో ఒక చేదు చరిత్ర వుంది. దానిని చూడకుండా బొంత అందాన్ని గురించి మాట్లాడటం తప్పు.

మనుస్మృతి పదవ అధ్యాయం ఎంగిలి అన్నమూ, కట్టి విడిచిన బట్టలూ, తాలుగింజలూ, పాత సామానూ సేవచేసే శూద్రుడికి ఇవ్వవలసినవిగా విధించింది. చండాలురు చచ్చినవారి బట్టలు కట్టుకోవాలని అదే అధ్యాయం శాసించింది. ఇక్కడ పాతబట్ట కేవలం పాతబట్ట కాదు, సంఘంలో ఒక మనిషి స్థానం ఎక్కడో చూపించే ముద్ర. మంచిబట్ట కొనగల శక్తి వచ్చినా కట్టనివ్వకపోవడం ఈ నియమం అంతరార్థం. అందుకే 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించిన అంబేద్కర్, అదే సందర్భంలో అక్కడి స్త్రీలతో చీరకట్టు గురించి ప్రత్యేకంగా మాట్లాడాడు. అంటరానివారని గుర్తుపట్టడానికి వీలిచ్చే కట్టును విడిచిపెట్టమన్నాడు. బట్టల సంగతి చిన్న సంగతి అనుకునేవారు ఆ ఉపన్యాసం సందర్భాన్ని గుర్తుంచుకోవాలి.

మనువు విధించిన చోటే దానికి ఎదురు సంప్రదాయం కూడా మన దేశంలో వుంది. బౌద్ధ భిక్షువులు తొలిరోజులలో చెత్తకుప్పల మీదా, శ్మశానాలలోనూ దొరికిన గుడ్డపేలికలు ఏరి, ఉతికి, కలిపి కుట్టుకునేవారు. దానికి పాంసుకూల చీవరమని పేరు. ఆ చీవరాన్ని ఎలా కత్తిరించి కుట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, మగధలోని వరిమళ్ళను, వాటి గట్లను చూపించి, అటువంటి నమూనా తయారుచేయమని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్టు వినయపిటకం చెబుతున్నది. కుట్టుపనికి ఒక నమూనా గీసుకున్నట్టు మన దేశపు గ్రంథాలలో కనిపించే ప్రాచీన ప్రస్తావనలలో ఇది ఒకటి. ఆ నమూనా రైతు పొలంనుంచి వచ్చింది, ఆ గుడ్డ చెత్తకుప్పనుంచి వచ్చింది. ఒకరు నీచమని ముద్రవేసిన పేలికను మరొకరు గౌరవంగా కట్టుకోవడం ద్వారా ఆ ముద్రనే ధిక్కరించారు. ఈ ధర్మం మన ప్రాంతానికి పరాయిది కాదు. సంగారెడ్డి జిల్లాలోనే వున్న కొండాపూర్ తవ్వకాలలో శాతవాహనులనాటి పట్టణం బయటపడింది, అక్కడ బౌద్ధ అవశేషాలు కూడా దొరికాయి.

కాని ఈ రెండింటిలోనూ ఒక లోపం వుంది. మనువు పాతబట్టను బానిసకు విధించాడు. భిక్షువు దానిని ఇష్టపడి ఎంచుకున్నాడు. పిల్లలకు చలి వేస్తుంటే ఏం కప్పాలా అని చూసుకునే తల్లికి విధింపూ లేదు, ఎంపికా లేదు. వున్నది అవసరం. ఆమె ఆ అవసరంలోనే పనితనాన్ని, రంగుల పొందికను, పొదుపును చూపించింది. దొర ఇంటినుంచి వచ్చిన పాత చీర ఒక దానం. దానిని విప్పి, కత్తిరించి, నాలుగు చీరలతో కలిపి కుట్టిన తరువాత అది దానం కాదు. ఆ బొంతలో దొరసాని కట్టుకున్న చీరను గుర్తుపట్టవచ్చు, కాని బొంత మాత్రం కుట్టినామె శ్రమ ఫలితం.

నిజాం రాజ్యంలో వెట్టి సాగినంతకాలం ఈ సంబంధం నడిచింది. సాలెవాడు దొర ఇంటికి బట్ట ఇచ్చుకోవాలి, చాకలి ఉతికిపెట్టాలి, మాదిగ చెప్పులు కుట్టిపెట్టాలి. జీతగాడికి ఏడాది పొడుగునా చేసిన చాకిరీకి దక్కే గింజలతోపాటు ఒక గొంగడి, ఒక జత చెప్పులు, ఒక పంచె దొరికితే గొప్ప. బట్టను ఉత్పత్తి చేసినవాడికీ ఉతికినవాడికీ కొత్తబట్ట దక్కకుండా, పాతబట్ట మాత్రమే దయగా దక్కే వ్యవస్థ అది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ఈ వెట్టినే ప్రధాన శత్రువుగా ఎంచుకుంది. 1949లో జాగీర్ల రద్దు జరిగింది. పాతబట్ట దయనుంచి విడివడి సొంత సొత్తు కావడానికి కూడా ఆ పోరాటం అవసరమయిందని మనం చెప్పవచ్చు.

3

పందొమ్మిదో శతాబ్దంలో రెండు యంత్రాలు బట్ట చరిత్రను మార్చాయి. మొదటిది మరమగ్గం, రెండోది కుట్టుమిషను. సింగర్ కంపెనీ వారి మిషనుకు 1851లో పేటెంటు వచ్చింది. మార్క్స్ తన "పెట్టుబడి" మొదటి సంపుటంలో (1867) కుట్టుమిషను రాకతో చేతికుట్టు కూలీల బతుకులు ఎలా తలకిందులయ్యాయో విపులంగా వివరించాడు. యంత్రాలంటే ఇష్టపడని గాంధీజీ కూడా 1924లో, సింగర్ కుట్టుమిషనును మాత్రం తన విమర్శనుంచి మినహాయించాడు. భార్య కుట్టుపనిలో పడే శ్రమ చూడలేక ఒక మనిషి దానిని తయారుచేశాడన్నది ఆయన చెప్పిన కారణం. ఒకే యంత్రం ఒకరికి దోపిడీ సాధనంగా, మరొకరికి ప్రేమ ఫలితంగా కనిపించింది. తేడా యంత్రంలో లేదు. దానిని ఎవరు, ఎవరి లాభం కోసం నడిపిస్తున్నారన్న దానిలో వుంది.

మార్క్స్ విలువను వివరించడానికి తీసుకున్న ఉదాహరణ కూడా బట్టే: ఇరవై గజాల నారబట్ట ఒక కోటుకు సమానం. అదే గ్రంథంలో, యంత్రాలను గురించిన అధ్యాయంలో, చింకిగుడ్డలను వేరుచేసే పనిలో ఆడవాళ్ళనూ ఆడపిల్లలనూ పెట్టి, అతి తక్కువ కూలి ఇచ్చి, మశూచివంటి రోగాలకు బలిచేస్తున్నారని ఆయన రాశాడు. కోటుదాకా చదివి ఆగిపోయే పాఠకులు చింకిగుడ్డల దాకా రావాలి. ఇంగ్లండులోని యార్క్‌షైరులో 19వ శతాబ్దం మొదట్లోనే పాత ఉన్నిగుడ్డలను చీల్చి మళ్ళీ నూలు తీసే పరిశ్రమ పుట్టింది. ఈనాడు మన పానిపట్‌లో ప్రపంచ దేశాలనుంచి వచ్చే పాత ఉన్నిబట్టలతో అదే పని జరుగుతున్నది. పాతబట్ట మీద లాభం తీయడం పెట్టుబడిదారుడికి కొత్త కాదు.

హైదరాబాదు రాష్ట్రంలో గుల్బర్గా మహబూబ్ షాహీ మిల్లు, నాందేడు ఉస్మాన్ షాహీ మిల్లు, 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు వచ్చాయి. జహీరాబాదు సంతకు మిల్లుబట్ట చేరింది. చేనేత చీర కొన్నాళ్ళకు పండుగ చీర అయింది, మిల్లు చీర రోజువారీ చీర అయింది. బొంతలో కూడా ఆ మార్పే వచ్చింది. ఈనాడు ఆ మూడు మిల్లులూ మూతపడ్డాయి. వాటి బట్ట ఎక్కడైనా మిగిలి వుంటే, ఏ ముసలమ్మ బొంత పొరలలోనో మిగిలి వుంటుంది.

రెండో ప్రపంచయుద్ధం ఈ కథలో ఒక ముఖ్యఘట్టం. ఇంగ్లండులో 1941 జూన్ 1న బట్టలకు రేషను పెట్టారు. 1949 దాకా అది సాగింది. 1943లో అక్కడి ప్రభుత్వమే, వున్నదానితో సరిపెట్టుకోండి, చిరిగినదానిని బాగుచేసుకోండి అంటూ ఒక పుస్తకం అచ్చువేసి గృహిణులకు పంచింది. పాత కర్టెనుతో గౌను కుట్టడం, భర్త కోటుతో తన కోటు కుట్టుకోవడం దేశభక్తి అయింది. ఈనాటి పాశ్చాత్యులు ఆ పుస్తకాన్ని తిరిగి అచ్చువేసుకుని మురిపెంగా చదువుతున్నారు. అదే 1943లో మన దేశంలో నూలు, బట్టల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. బట్ట మాత్రం దుకాణాల నుంచి మాయమై నల్లబజారుకు చేరింది. బెంగాల్‌లో అన్నం కరువు వెనుకనే బట్టకరువు వచ్చింది. కట్టడానికి గుడ్డలేక ఆడవాళ్ళు గుడిసెలనుంచి బయటికి రాలేకపోయిన ఆ స్థితిని మాణిక్ బంద్యోపాధ్యాయ "దుశ్శాసనీయ" అనే కథలో చిత్రించాడు. ఇంగ్లండు గృహిణికి రేషను కార్డు మీద అందరితోపాటు తనకూ ఒక వంతు వచ్చింది. బెంగాల్ కూలిస్త్రీకి ఏదీ రాలేదు. పొదుపు అనే ఒకే మాట పాలకదేశంలో ఒక అర్థాన్నీ, పాలిత దేశంలో మరొక అర్థాన్నీ ఇస్తుందని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం వెతకనక్కరలేదు. "దుప్పటి వున్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి" అని మనకొక సామెత వుంది. ఆ దుప్పటి ఎందుకంత పొట్టిగా వున్నదని సామెత అడగదు. అది మనం అడగవలసిన ప్రశ్న.

4

జహీరాబాదు ప్రాంతంలో బొంతతోపాటు మరో కుట్టు సంప్రదాయం వుంది. అది లంబాడీ తండాలది. ఫేటియా అనే పావడా, కాంచళి అనే రవికె, తలమీదుగా వేసుకునే టుక్రి — వీటిమీద అద్దాలు, గవ్వలు, నాణేలు, రంగుదారాలు కలిపి లంబాడీ స్త్రీలు చేసే కుట్టుపనికి తోడు, చిన్న చిన్న గుడ్డముక్కలు అతికి బొమ్మలు తీసే పద్ధతి కూడా వారిదే. చిరిగిన ఫేటియా మీది పనిముక్కను విప్పి, కొత్త ఫేటియాకు అతికించుకుంటారు. గుడ్డ చీకిపోయినా కుట్టు బతుకుతుంది.

ఈ లంబాడీలు ఒకనాడు దక్కను అంతటా ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం మోసిన వర్తకులు. మొగలు సేనలూ, తరువాత ఇంగ్లీషు సేనలూ వీరు తెచ్చిన గింజలు తిని యుద్ధాలు చేశాయి. 1874లో వాడినుంచి సికిందరాబాదుకు రైలు వచ్చింది. రైలుమార్గాలు పెరిగినకొద్దీ ఎద్దుల రవాణా దెబ్బతిన్నది. బతుకుతెరువు పోగొట్టిన పాలకులే ఇటువంటి సంచారజాతులను అనుమానించి, 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. స్వతంత్రం వచ్చిన అయిదేళ్ళకు, 1952లో ఆ చట్టం రద్దయింది. తెలంగాణలోని లంబాడీలు 1976 నాటి సవరణ చట్టంతో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళితే వారే షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలోకి వెళితే విముక్త జాతి. జహీరాబాదు దగ్గరి తండా ఆడపిల్లను బీదరు తండాకు ఇచ్చి పెళ్ళి చేస్తారు. అత్తగారింటికి ఆమె తీసుకుపోయే ఫేటియా మీది కుట్టు మారదు. ప్రభుత్వ కాగితాలలో ఆమె అత్తవారి గుర్తింపు మాత్రం వేరు. ప్రజల సంస్కృతికీ రాజ్యం లెక్కలకీ మధ్య దూరం ఎంతో ఈ ఒక్క ఉదాహరణ చూపుతుంది.

ఈ పాత ఫేటియాలకు ఇప్పుడు నగరంలో గిరాకీ వుంది. తండాలో కొత్తతరం చీరకూ, పంజాబీ డ్రెస్సుకూ మారిపోయింది. బడికీ ఉద్యోగానికీ పోయే ఆడపిల్ల బరువైన ఫేటియాను వదిలేయడం సహజం. దానికి ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పెట్టెలలో మిగిలిన పాత పనిముక్కలు వ్యాపారులకు చేరుతున్నాయి. వాటిని కత్తిరించి సంచులకూ, దిండు గలీబులకూ, గోడకు తగిలించే పటాలకూ అతికి, గోవాలోనూ హంపీలోనూ విదేశీయులకు అమ్ముతున్నారు. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుపని సహకార పద్ధతిలో నిలదొక్కుకుని భౌగోళిక గుర్తింపు పొందింది. 2023 జూలైలో హంపీలో జి-20 సమావేశాల సందర్భంగా 1755 లంబాణీ కుట్టుపని వస్తువులను ఒకచోట ప్రదర్శించి ప్రపంచ రికార్డుగా నమోదు చేయించారు. రికార్డు దేశానికి దక్కింది. వాటిని కుట్టిన చేతులకు రోజుకూలి ఎంత పెరిగిందన్నది రికార్డుల పుస్తకంలో వుండదు.

5

బొంత విషయానికి మళ్ళీ వద్దాం. 1982లో బొంబాయి బట్టల మిల్లులలో రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మె కట్టారు. ఆ సమ్మెను ఓడించారు. 1985లో వచ్చిన జాతీయ జౌళి విధానం కృత్రిమ నూలుకు తలుపులు తెరిచింది. నూలుచీర ఖరీదైపోయింది, పాలియెస్టర్ చీర చౌకైంది. తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి కొన్నేళ్ళపాటు ఆడవాళ్ళకు పంచిన బతుకమ్మ చీరలు చాలావరకు సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలియెస్టరువే. సిరిసిల్ల నేతకార్మికుడికి దానివల్ల పని దొరికింది, ఆ సంగతి కాదనలేము. కాని ఆ చీర పాతబడిన తరువాత బొంతకు అంతగా నప్పదు. జారుతుంది, చెమట పీల్చదు, పసిబిడ్డ ఒంటికి పొత్తిగుడ్డగా పనికిరాదు. పాత నూలుచీరకు వున్న రెండో జీవితం దీనికి లేదు. ఒక చీర చౌకా ఖరీదా అన్నది దుకాణంలోని ధరతో తేలదు. అది ఇంట్లో ఎన్నేళ్ళు, ఎన్ని రూపాలలో పనిచేస్తుందో కూడా లెక్కవేయాలి.

మరోవైపు, పాత చీరలకు స్టీలు గిన్నెలు ఇచ్చే వర్తకులు వీధులలోకి వచ్చారు. నాలుగు చీరలు ఇస్తే ఒక గిన్నె. అంతవరకు ఇంట్లో ఉపయోగపు విలువ మాత్రమే వున్న పాతచీర ఇక్కడ మొదటిసారి మారకపు విలువ పొందింది. బొంత కావలసిన గుడ్డ గిన్నె అయింది. మార్కెట్టులో దుకాణపు రగ్గు దొరికింది. ఈ మార్పుతో బొంత కుట్టడం చాలా ఇళ్ళలో ఆగిపోయింది. ఊరూరా తిరిగి కూలికి బొంతలు కుట్టే స్త్రీలకు పని తగ్గింది.

ఇక్కడ ఒక విషయం తేల్చి చెప్పాలి. బొంత కుట్టిన శ్రమకు ఎప్పుడూ లెక్క లేదు. పగలంతా చేలో కూలిచేసి, పొద్దుగూకాక ఇంటిపని ముగించి, మిగిలిన గంటలలో ఆడది చేసిన పని అది. కూలి రిజిస్టరులో అది లేదు, జనాభా లెక్కలలో లేదు, ఇంటి మగవాడి నోట కూడా పని అన్న మాటగా రాదు. కుట్టుపనిని ఆడవారికి సహజగుణమన్నట్టు చెప్పుకుని, సహజగుణానికి కూలి ఎందుకన్నారు. బొంతను అత్యంత పొదుపైన వస్తువని మెచ్చుకునేవారు ఆ పొదుపు ఎక్కడనుంచి వచ్చిందో ఆలోచించాలి. ఆ పొదుపు ఒకరి నిద్రలోనుంచి వచ్చింది.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె వుంది. అక్కడి నల్లజాతి స్త్రీలు, బానిసల సంతతివారు, కౌలురైతుల ఇళ్ళలో చిరిగిన పనిబట్టలతో తరతరాలుగా బొంతలు కుట్టారు. పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఒక సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మారు. 2002లో వారి బొంతలు న్యూయార్కులోని విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో తపాలా బిళ్ళల మీదికి వచ్చాయి. ఆధునిక చిత్రకళతో వాటిని పోల్చి విమర్శకులు పొగిడారు. మరుసటి సంవత్సరమే కుట్టినవారిలో కొందరు, తమ పనిమీద వచ్చిన డబ్బులో తమకు న్యాయమైన వాటా రాలేదంటూ కోర్టుకెక్కారు. 2008లో ఆ తగాదాలు రాజీతో ముగిశాయి. గోడమీద వేలాడే బొంతకూ కోర్టులో వేసిన దావాకూ మధ్య వున్న ఆ కొద్దికాలం మనకు గొప్ప పాఠం. ఒక వస్తువును కళ అని గుర్తించినంత మాత్రాన దానిని తయారుచేసిన మనిషికి న్యాయం జరగదు. జరగాలంటే ఆ మనిషి సంఘంగా నిలబడి అడగాలి.

సంఘంగా నిలబడటం జహీరాబాదు స్త్రీలకు కొత్త కాదు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి, ఈ ప్రాంతపు దళిత స్త్రీలు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. పడావు పడిన భూములు సాగులోకి తెచ్చారు. జొన్న, కొర్ర, సామ, తైద వంటి పాతపంటల విత్తనాలను దాచి, వాటికోసం ఏటా పాతపంటల జాతర నడిపారు. 2008లో మాచునూరులో తమ సొంత రేడియో కేంద్రం పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది. ఒకనాడు తైదరొట్టె కూడా బీదతనానికి గుర్తే. ఆ ముద్రను చెరిపివేసింది పైనుంచి వచ్చిన దయ కాదు, విత్తనం మీద, నేల మీద, మాట మీద స్త్రీలు సంపాదించుకున్న అధికారం. పాతవిత్తనం విషయంలో జరిగినది పాతగుడ్డ విషయంలో ఎందుకు జరగకూడదు?

అయితే ఈ పనిలో రెండు పొరపాట్లకు తావివ్వకూడదు. బొంతను చూసి బీదతనానికి గుర్తు అని మొగం తిప్పుకోవడం మొదటిది. ఇది భూస్వామి చూపు. చదువుకున్న మన పిల్లలు కూడా దీనినే నేర్చుకుని, ఇంట్లో బొంతను చుట్టాల కంట పడకుండా దాస్తున్నారు. బొంతను చూసి ఆహా కళ అని కళ్ళు మూసుకోవడం రెండోది. ఇది వర్తకుడి చూపు. మొదటివాడు బొంతలోని పనితనాన్ని చూడడు. రెండోవాడు బొంతలోని చలిని చూడడు. రెండింటినీ కలిపి చూడటమే శాస్త్రీయ దృష్టి. బీదతనం పోవాలని కోరుతూనే, ఆ బీదతనంలో ప్రజలు సృష్టించుకున్న విద్యను కాపాడుకోవచ్చు. ఈ రెండు కోరికలకూ వైరుధ్యం లేదు.

విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ విషయంలో చేయగల పని చాలా వుంది. జహీరాబాదు, న్యాల్కల్, ఝరాసంగం, కోహీర్ గ్రామాలలో ఇంకా పాత బొంతలున్నాయి. ఒక్కొక్క బొంత దగ్గర కూర్చుని, దానిని కుట్టినామె పేరేమిటి, పొరలలో వున్న చీరలు ఎవరివి, ఏ సంతలో ఎంతకు కొన్నవి, ఏ సంవత్సరపు కరువులో కుట్టినది, ఎన్ని రాత్రులు పట్టింది అని అడిగి రాసుకోవాలి. కుట్టు వరసలను కాగితం మీద గీసుకోవాలి. ఆ వివరాలు కుట్టినవారి అనుమతితోనే అచ్చుకావాలి. అమ్మదలచుకున్నవారు వ్యాపారికి ఒక్కొక్కరుగా అమ్మకుండా, సంఘంగా ధర నిర్ణయించుకోవడానికి మనం తోడుపడాలి. మన కళాశాలలలో చరిత్ర చదివే విద్యార్థి మొగలు అంగరఖా పేరు చెప్పగలడు. తన నాయనమ్మ బొంతలో ఎన్ని పొరలున్నాయో చెప్పలేడు. నాయనమ్మలు ఇంకా బతికి వున్నారు. ఈ ఏడాది చలికాలం సెలవులలోనే ఆ పని మొదలుపెట్టవచ్చు.